కొండ లెక్క, కొట్టు లెక్క: హైదరాబాద్ నుంచి కిలిమంజారో దాకా సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఆఫ్రికాలో అన్నిటికన్నా ఎత్తైన కిలిమంజారో శిఖరం 5,895 మీటర్లు. దాన్ని ఎక్కడానికి తాడు పట్టుకుని వేలాడక్కర్లేదు, మంచు గొడ్డలి అక్కర్లేదు, మామూలు దారిలో నడిస్తే చాలు. అయినా జిమ్‌లో కండలు తిరిగినవాళ్లు కూడా శిఖరం చూడకుండా వెనక్కి వస్తుంటారు. ఎక్కువసార్లు తప్పు కాళ్లలో ఉండదు. కింద కూర్చుని తీసుకోవాల్సిన నిర్ణయాలను పైకి మోసుకెళ్లడంలో ఉంటుంది.

5,000 మీటర్లు దాటాక బుర్ర సగమే పనిచేస్తుంది. చిన్న కూడికకు కూడా తడబడతాం, పైగా బాగానే ఉన్నామని అనుకుంటాం. జీతాల రోజు దగ్గరపడి బ్యాంకులో డబ్బు లేనప్పుడు వ్యాపారి పరిస్థితీ ఇదే. అది బేగంబజార్ హోల్‌సేల్ కొట్టు కావచ్చు, బాలానగర్‌లో లేత్ షెడ్డు కావచ్చు, మాదాపూర్‌లో పదిమంది పనిచేసే ఆఫీసు కావచ్చు. అందుకే ఈ మార్గదర్శిలో కొండ ఎక్కే పద్ధతి, దాంట్లోంచి కొట్టుకు పనికొచ్చే పద్ధతి పక్కపక్కనే ఉంటాయి. అయితే ప్రతి అడుగుకీ ఒక నీతి లాగే ఉద్దేశం మాత్రం లేదు. బూట్ల సైజులో వ్యాపార రహస్యం ఏమీ ఉండదు.

1. ముందు రోజులు కొనండి

కిలిమంజారో ఎక్కే దారుల్లో ఒకటైన మచామే దారిలో 6 రోజుల ప్యాకేజీ, 7 రోజుల ప్యాకేజీ రెండూ అమ్ముతారు. తేడా ఒక్క రాత్రే. 7 రోజుల ప్యాకేజీలో బరాంకో క్యాంపు (సుమారు 3,960 మీ.) తర్వాత కరంగాలో ఒక రాత్రి ఆగి, మర్నాడు బరాఫు క్యాంపుకు (సుమారు 4,670 మీ.) చేరతారు. 6 రోజుల ప్యాకేజీలో బరాంకో నుంచి ఒక్క రోజులో బరాఫుకు నడిచి, సాయంత్రం నాలుగు ముద్దలు తిని, అదే అర్ధరాత్రి శిఖరానికి బయల్దేరాలి. (బరాఫు అంటే స్వాహిలీలో మంచు గడ్డ. మన పాతబస్తీ బరఫ్‌కు చుట్టమే.) చాలామంది డబ్బు మిగుల్చుకునేది ఆ ఒక్క రాత్రి మీదే. దెబ్బతినేదీ అక్కడే. టికెట్ కొనక ముందు ఆ రాత్రిని కొనండి.

లద్దాఖ్ వైపు, ఉదాహరణకు కాంగ్ యాత్సే-2 (6,250 మీ.) ఎక్కాలనుకుంటే లెక్క ఇంకోలా ఉంటుంది. ఉదయం శంషాబాద్‌లో విమానం ఎక్కినవాళ్లు ఆ రోజే సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో దిగుతారు. శరీరానికి ఒక్కపూటలో 3,000 మీటర్ల కుదుపు అది. అక్కడ మొదటి రెండు రోజులు గదిలో కూర్చోవడం, నీళ్లు తాగడం, సాయంత్రం బజారు దాకా మెల్లగా నడవడం తప్ప ఏ పనీ పెట్టుకోకండి.

తీసుకెళ్లే సంస్థను అడగాల్సినవి నాలుగు: ఎంతమందికి ఒక గైడు? ఆక్సిజన్ సిలిండర్ మోస్తారా? ఎవరికైనా బాగోకపోతే కిందకు దించడానికి వేరే గైడు ఉంటాడా, లేక గుంపంతా ఆగిపోతుందా? కూలీల బరువు తూస్తారా? కిలిమంజారోలో కూలీ మోసే బరువుకు 20 కిలోల పరిమితి ఉంది. అందరికన్నా తక్కువ ధర చెప్పిన సంస్థ ఆ తగ్గింపును ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి. సాధారణంగా అది కూలీల అన్నం నుంచో, మీ రోజుల నుంచో వస్తుంది. కొటేషన్లు పిలిచి అన్నిటికన్నా కింది అంకె మీద టిక్కు పెట్టే అలవాటున్న వ్యాపారులు ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి.

2. నగరంలో 20 వారాలు

హైదరాబాద్‌లో లేనిది ఎత్తైన గాలి ఒక్కటే, మిగతావన్నీ ఉన్నాయి. రోజువారీ నడకకు కేబీఆర్ పార్కు, మెట్లకు మీ అపార్ట్‌మెంటు, ఆదివారాలకు అనంతగిరి, గోల్కొండ, భువనగిరి. భువనగిరి ఏకశిల మనకు దొరికిన వరం. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ బండలెక్కడం నేర్చుకున్నది అక్కడే. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు ఇంకా నిండలేదు.

మొదటి 6 వారాలు బరువు వద్దు. వారంలో రెండు రోజులు 45 నిమిషాల వేగపు నడక, ఒకరోజు మెట్లు, ఆదివారం 8 నుంచి 10 కిలోమీటర్లు. మెట్లు ఎక్కుతూ పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట ముక్కలవుతోందంటే వేగం ఎక్కువైనట్టే. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఆయాసపడటాన్నే కష్టపడటం అనుకోవడం. కొండమీద కావాల్సింది ఏడెనిమిది గంటలు ఆగకుండా సాగే నిదానం. అది రొప్పుతూ చేసే వ్యాయామంతో రాదు.

7వ వారం నుంచి బ్యాగులో 4 కిలోలు పెట్టి, వారానికో కిలో పెంచుతూ 10 దగ్గర ఆపండి. బరువుకు ఇసుక, డంబెల్స్ వద్దు, నీళ్ల సీసాలు పెట్టండి. పైకి చేరాక నీళ్లు మొక్కలకు ఒంపేసి ఖాళీగా దిగితే మోకాళ్లు మిగులుతాయి. చివరి ఆరు వారాలు మాత్రం ఒంపకుండా బరువుతోనే దిగండి. శిఖరం రోజున దాదాపు 2,800 మీటర్లు దిగాలి, దానికి తొడలు అలవాటు పడాలి.

అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో కింది నుంచి టెర్రస్ దాకా సుమారు 18 మీటర్లు. 30 సార్లు ఎక్కితే 540 మీటర్లు. 8 నుంచి 10 కిలోల బరువుతో దీన్ని రెండున్నర గంటల్లో, మాట తెగకుండా పూర్తి చేయగలిగితే కాళ్లు సిద్ధం. వాచ్‌మన్ రెండు రోజులు వింతగా చూస్తాడు, మూడో రోజు నుంచి ఆయనే లెక్కపెడతాడు. 15 నుంచి 18 వారాల్లో శని, ఆది వరుసగా నాలుగైదు గంటల చొప్పున నడవండి. రెండో రోజు కాళ్లు ఏం చెబుతాయో వినడమే ఆ పరీక్ష. ఒక రాత్రి పన్నెండుకు అలారం పెట్టుకుని లేచి, తలకు లైటు కట్టుకుని మూడు గంటలు మెట్లెక్కండి. చివరి రెండు వారాలు అన్నీ సగానికి తగ్గించండి.

అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కినవాళ్లం కదా అనే ధీమాతో కొందరు వస్తారు. మెట్ల నడకకు అది మంచి పరీక్షే. కానీ తిరుమల గాలికి, అయిదు వేల మీటర్ల గాలికి పోలిక లేదు.

ఈ నీళ్ల సీసాల కిటుకు మాత్రం కొట్టుకు బాగా పనికొస్తుంది. కొత్త పని మొదలుపెట్టేటప్పుడు ఎత్తుకునే ప్రతి బరువునూ ఒక ప్రశ్న అడగండి: అవసరమైతే దీన్ని ఒంపేయగలమా? నెలవారీ అద్దెకు తెచ్చిన మెషీన్‌ను ఒంపేయవచ్చు. అయిదేళ్ల ఈఎంఐ మీద కొన్నదాన్ని ఒంపలేం.

3. సామాను గురించి క్లుప్తంగా

బూట్లు అర సైజు నుంచి ఒక సైజు పెద్దవి తీసుకోండి. సాయంత్రం పూట, మందపాటి సాక్సుతో, ర్యాంపు మీద కిందకు నడిచి చూడండి. వేళ్లు ముందుకు తగిలితే ఆ జత వద్దు. కనీసం ఆరు వారాలు తొడిగి నడవాలి. కాటన్ బనియన్లు ఇంట్లో వదిలేయండి, చెమట పట్టాక ఆరవు, ఆగిన నిమిషంలో ఒళ్లు గడ్డకడుతుంది. డౌన్ జాకెట్టు, స్లీపింగ్ బ్యాగు అద్దెకు దొరుకుతాయి. హెడ్‌లైటు బ్యాటరీలు లోపలి జేబులో ఉండాలి, చలికి త్వరగా చచ్చిపోతాయి. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టాలి, మంచు పైభాగంలో ముందు కడుతుంది కాబట్టి మూత వైపు తెరుచుకుంటుంది. పైపుతో తాగే సంచులు శిఖరం రాత్రి గడ్డకడతాయి.

తిండికి పల్లీ పట్టి, ఖర్జూరం, నువ్వుండలు మంచివే. పల్లీ పట్టిని ఇంట్లోనే గోరంత ముక్కలు చేసి తీసుకెళ్లండి, చలిలో అది రాయి. చిన్న డబ్బాలో ఆవకాయ మరవొద్దు. 4,000 మీటర్ల మీద ఆకలి చచ్చాక నాలుగు ముద్దలు దింపేది అదే.

ట్రావెల్ ఇన్సూరెన్సులో ఎత్తు పరిమితి ఎంతో చదవండి. చాలా పాలసీలు ఒక ఎత్తు దాటాక వర్తించవు. 6,000 మీటర్ల దాకా, హెలికాప్టర్ ఖర్చుతో సహా రాసి ఉండాలి. అదే కూర్చునే వేళలో షాపు పాలసీ కూడా తీసి, సెల్లార్‌లోని సరుక్కు వరద కవర్ ఉందో లేదో చూసుకోండి. 2020 అక్టోబర్ వానలు చూసిన ఊరికి కారణం చెప్పక్కర్లేదు.

4. గాలి లెక్క

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు. ట్యాంక్‌బండ్ మీదా, ఎవరెస్ట్ మీదా అది 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. 5,500 మీటర్ల దగ్గర సముద్రమట్టంతో పోలిస్తే పీడనం సగమే ఉంటుంది, కాబట్టి ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజనూ సగమే.

లాభాల శాతం మారకుండానే వ్యాపారం ఊపిరాడక పోవడం సరిగ్గా ఇలాగే జరుగుతుంది. నెలకు 10 లక్షల బిల్లులు వేసే ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు అనుకోండి. లాభం 12 శాతం, అంటే 1,20,000. కస్టమర్లు 30 రోజుల్లో కడుతున్నంతవరకు బయట ఉన్న బాకీ 10 లక్షలు. పెద్ద కస్టమరు దొరికాడని ఉద్దెర 90 రోజులకు పెంచితే బాకీ 30 లక్షలవుతుంది. అదనంగా చిక్కుకున్న 20 లక్షల్లో మన చేతి నుంచి పెట్టిన ఖర్చు 17,60,000. దాన్ని రూపాయిన్నర వడ్డీకి తెస్తే నెలకు 26,400 పోతుంది, అంటే లాభంలో అయిదో వంతు కన్నా ఎక్కువ. పుస్తకంలో మాత్రం 12 శాతం 12 శాతంగానే కనిపిస్తుంది, గాలిలో 21 శాతం కనిపించినట్టు.

కాబట్టి లాభం శాతంతో పాటు ప్రతి సోమవారం ఇంకో అంకె రాసుకోండి: ఈ రోజు నుంచి ఒక్క రూపాయి రాకపోతే ఎన్ని రోజులు నడుస్తాం? ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ పోర్టల్) నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ, సేవా సంస్థలకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆర్డరు కాగితం మీదే ఆ 45 రాయించుకోండి. మొహమాటపడితే తర్వాత అడగడం ఇంకా కష్టం.

5. ఎక్కడ నడిచామన్నది కాదు, ఎక్కడ పడుకున్నామన్నది

కొండ నేర్పే అసలు పాఠం ఇదే. 3,000 మీటర్లు దాటాక, పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్ల కన్నా పెంచకూడదు. ప్రతి మూడు, నాలుగు రోజులకు ఒక రోజు ఎత్తు పెంచకుండా ఆగాలి. పగలు ఎంత ఎత్తుకు వెళ్లొచ్చినా ఫర్వాలేదు, రాత్రి కిందకు దిగి పడుకుంటే చాలు. మచామే దారిలో మూడో రోజు ఇందుకే ఉంది: పొద్దున్నే సుమారు 3,840 మీటర్ల షిరా క్యాంపులో లేచి, మధ్యాహ్నానికి 4,600 మీటర్ల లావా టవర్ దాకా ఎక్కి, సాయంత్రానికి 3,960 మీటర్ల బరాంకోకు దిగుతారు. మొదటిసారి వచ్చినవాళ్లకు ఇదంతా వృథా ఆయాసంలా అనిపిస్తుంది. నిజానికి ఆ మధ్యాహ్నమే శరీరానికి పైగాలిని పరిచయం చేస్తుంది.

వ్యాపారంలో పడుకునే ఎత్తు అంటే నెల తిరిగేసరికి తప్పక కట్టాల్సిన ఖర్చు: అద్దె, జీతాలు, ఈఎంఐలు. నడిచే ఎత్తు అంటే ఒక్కసారి వచ్చి పోయే పెద్ద ఆర్డర్లు. కూకట్‌పల్లిలో ఒక టిఫిన్ సెంటరును తీసుకుందాం. అద్దె 60,000, జీతాలు 95,000, ఈఎంఐ 25,000, మొత్తం 1,80,000. కొండాపూర్‌లో రెండో బ్రాంచి పెడితే ఇంకో 1,40,000 తోడవుతుంది. అంటే పడుకునే ఎత్తు ఒక్క రాత్రిలో 78 శాతం పెరిగింది. ఇలా పెంచాక తలనొప్పి రాకపోతేనే వింత.

ఎక్కి దిగే పద్ధతి ఇలా ఉంటుంది. మొదటి మూడు నెలలు కూకట్‌పల్లి వంటింట్లోనే వండి, కొండాపూర్ ఆఫీసులకు, గృహప్రవేశాలకు, అపార్ట్‌మెంటు ఫంక్షన్లకు ఆర్డర్ల మీద పంపండి. అదనపు మనుషుల్ని రోజుకూలీ మీద పెట్టుకోండి. ఆ రోజుల్లో పని ఎక్కువే, కానీ నెలాఖరున కట్టాల్సింది పాత 1,80,000 మాత్రమే. ఏ పూట ఏం అమ్ముడవుతోందో, పిండి ఎక్కడ పులిసిపోతోందో, డెలివరీ కుర్రాడు ఏ సిగ్నల్ దగ్గర చిక్కుకుంటున్నాడో తెలిశాక స్థిర ఖర్చు పెంచండి, అదీ పావు వంతు, అంటే 45,000 దాకా. తర్వాత రెండు మూడు నెలలు ఆగి చూడండి. ఈ పావు వంతు కొండ చెప్పిన నియమం కాదు, మేం వేసిన అంచనా. చేతిలో ఆరు నెలల ఖర్చు నిల్వ ఉన్నవాళ్లు మూడో వంతు దాకా వెళ్లినా తప్పు లేదు.

6. తలనొప్పి చెప్పే మాట

2,500 మీటర్లు దాటాక తలనొప్పితో పాటు వికారం, నీరసం, తల తిరగడంలో ఏ ఒక్కటి కలిసినా అది ఎత్తు జబ్బే, కాదని తేలేదాకా. తిన్నది పడలేదనో, ఎండ తగిలిందనో సర్దిచెప్పుకోవద్దు. ఆ రోజు ఇంకా పైకి వెళ్లకూడదు. తగ్గకపోయినా, పెరిగినా దిగాలి.

ప్రాణాపాయం రెండు రకాలు. మెదడు వాపు మొదలైతే మనిషి తాగినవాడిలా తూలుతాడు. గీత గీసి, ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్లు ఆనించి పది అడుగులు నడవమనండి, నడవలేకపోతే అర్ధరాత్రయినా దించాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కూర్చున్నా ఆయాసం, దగ్గు ఉంటాయి. దీనికీ మొదటి మందు దిగడమే. వేలికి పెట్టే ఆక్సిమీటరు ఉపయోగమే కానీ, అంకె కన్నా మనిషిని ఎక్కువ చూడాలి.

డయామాక్స్ మాత్ర 125 మి.గ్రా. చొప్పున పూటకొకటి, రోజుకు రెండు వాడటం ముందు జాగ్రత్తకు మామూలే, కానీ డాక్టరు చూశాకే. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. బయల్దేరక ముందు హైదరాబాద్‌లోనే రెండు రోజులు వేసుకుని చూడండి. వేళ్లు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం ఇక్కడే తెలిస్తే అక్కడ భయపడరు.

మరో సంగతి. గుంపులో ఎక్కువ ప్రమాదం నొప్పిని దాచేవాళ్లకే. డబ్బు కట్టాం, ఊళ్లో చెప్పి వచ్చాం, ఎలా దిగుతాం అనుకుంటారు. రోజూ సాయంత్రం గైడు అందరినీ వరుసగా, పేరు పెట్టి అడిగే పద్ధతి ఇందుకే. ఆఫీసులో కూడా "ఏమైనా సమస్యలున్నాయా" అని మీటింగులో గాలిలోకి అడిగితే ఎవరూ నోరు విప్పరు. ఒక్కొక్కరినీ విడిగా, "ఈ వారం ఏది ఆలస్యమైంది" అని అడగండి.

7. వెనుదిరిగే కాగితం

1996 మే 10న ఎవరెస్ట్ మీద చాలామంది మధ్యాహ్నం 2 గంటల గడువు దాటాక కూడా పైకి వెళ్తూనే ఉన్నారు. సాయంత్రం తుపాను పట్టుకుంది. ఆ ఒక్క తుపానులో 8 మంది చనిపోయారు, వారిలో రెండు బృందాల నాయకులూ ఉన్నారు. ఇద్దరూ ఆరితేరినవాళ్లే. కొద్ది రోజుల ముందు అదే కొండ మీద స్వీడన్‌కు చెందిన యోరాన్ క్రాప్ శిఖరానికి సుమారు 100 మీటర్ల దూరంలో, పొద్దుపోయిందని వెనక్కి తిరిగాడు. స్వీడన్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చిన మనిషి అతను. మే 23న మళ్లీ వెళ్లి శిఖరం ఎక్కాడు.

వెనుదిరిగే గడువును బయల్దేరక ముందే రాయాలి. ఒక కాగితం మీద మూడు వాక్యాలు చాలు: ఏ గంటకు ఎక్కడున్నా తిరుగుతాను, ఏ లక్షణం కనిపిస్తే గంటతో పనిలేకుండా తిరుగుతాను, తిరగమని చెప్పే అధికారం ఎవరిది. మూడోది ముఖ్యం. ఆ అధికారం గైడుకు ఇచ్చి, పైన మీరు బతిమాలినా వినొద్దని కిందే చెప్పండి.

కొట్టుకూ ఇదే కాగితం. "మార్చి 31 నాటికి రోజు అమ్మకం సగటున 14,000 దాటకపోతే బ్రాంచి మూసేస్తాం. పెట్టుబడి మొత్తం 9 లక్షలు దాటితే తారీఖుతో పనిలేకుండా ఆపేస్తాం. చెప్పాల్సింది మా ఆడిటరు." ఆ పని బావమరిదికి అప్పగించకండి, పండక్కి మళ్లీ మొహాలు చూసుకోవాలి. ఆ షాపులో వాటా లేని, మీ మాటకు కరగని మనిషి కావాలి.

ఇక్కడ ఎక్కువమంది ఒక చోట చిక్కుకుంటారు. కాగితం మీద ఆర్నెల్ల గడువు రాసుకుంటారు, అద్దె అగ్రిమెంటులో మాత్రం మూడేళ్ల లాకిన్ (అప్పటిదాకా ఖాళీ చేయకూడదనే షరతు) మీద సంతకం పెడతారు. అప్పుడు ఆ కాగితానికి విలువ లేదు. లాకిన్ గడువు మీ వెనుదిరిగే తారీఖు కన్నా తక్కువ ఉండాలి. ఓనరు ఒప్పుకోకపోతే అద్దె కొంచెం ఎక్కువైనా సరే, లాకిన్ తగ్గించమని అడగండి. ఆ ఎక్కువ అద్దెను కరంగాలో కొన్న రాత్రి లాంటిదనుకోండి.

8. శిఖరం రాత్రి

బరాఫులో రాత్రి 11కు లేపుతారు, 12 ప్రాంతంలో బయల్దేరతారు. ఎక్కాల్సింది 1,200 మీటర్ల పైచిలుకు. రాత్రే ఎందుకంటే గడ్డకట్టిన గులకరాళ్లు కాలి కింద జారవు, దిగేటప్పటికి వెలుగుంటుంది. వెనక కాలి మోకాలు నిటారుగా చేసి ఒంటి బరువంతా ఎముక మీద నిలపండి, ముందు కాలు వదులుగా ఆనించి ఒక ఊపిరి తీసుకోండి, అప్పుడు అడుగు మార్చండి. గైడు "పోలే పోలే" అంటుంటాడు, నెమ్మదిగా నెమ్మదిగా అని. మొదటి గంటలో అందరూ మిమ్మల్ని దాటిపోతున్నట్టుంటే మీ వేగం సరిగ్గా ఉన్నట్టు. గంటకోసారి రెండు గుక్కలు నీళ్లు, ఒక ముక్క పల్లీ పట్టి, ఆకలి లేకపోయినా. అయిదు నిమిషాల కన్నా ఎక్కువ ఆగితే చలి పట్టేస్తుంది.

స్టెల్లా పాయింట్ (5,756 మీ.) దగ్గర అగ్నిపర్వత బిలం అంచు వస్తుంది. అక్కడి నుంచి అసలు శిఖరమైన ఉహురుకు ఇంకా ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. కాగితం తీసి గంట చూడాల్సిన చోటు ఇదే. బోర్డు దగ్గర ఫొటోకు పది నిమిషాలు చాలు.

9. దిగడం

శిఖరానికి చేరేసరికి శక్తి అంతా అయిపోతే లెక్క తప్పినట్టు. మూడు వాటాలు వేయండి: ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి, అనుకోనిదానికి ఒకటి. ఉహురు నుంచి బరాఫు మీదుగా సుమారు 3,100 మీటర్ల మ్వేకా క్యాంపు దాకా అదే రోజు దిగాలి. కర్రలు కొంచెం పొడవు చేసుకోండి, లేసులు చీలమండ దగ్గర బిగించండి, అడుగులు చిన్నవిగా వేయండి. జారిపడేది, చీలమండ మెలికపడేది ఎక్కువగా ఇక్కడే, అంతా అయిపోయిందనుకుని ధ్యాస తప్పినప్పుడు.

బ్రాంచి మూసేటప్పుడూ మూడో వాటా అవసరం. పనివాళ్ల నోటీసు జీతాలు, సప్లయర్ల బాకీలు, అడ్వాన్సులో ఓనరు పట్టుకునే రంగుల ఖర్చు, వీటికి డబ్బు పక్కన ఉండాలి. ఒక బ్రాంచే మూస్తే జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఆ చిరునామా తీసేయించాలి. మొత్తం వ్యాపారమే మూస్తే రద్దయిన తర్వాత మూడు నెలల్లో జీఎస్టీఆర్-10 అనే చివరి రిటర్ను వేయాలి. చాలామంది షట్టర్ దించి ఇది మర్చిపోతారు, నోటీసు వచ్చాక గుర్తొస్తుంది.

శంషాబాద్‌లో దిగాక పది రోజులు కొత్త అగ్రిమెంట్ల మీద సంతకాలు పెట్టకండి. ఆ ఊపులో ఏదైనా చేయగలమనిపిస్తుంది, మూడేళ్ల లాకిన్ కూడా చిన్నదిగానే కనిపిస్తుంది. ఈలోగా స్లీపింగ్ బ్యాగును రెండు పూటలు నీడలో ఆరేసి అద్దె షాపుకు ఇవ్వండి. హెడ్‌లైటులోంచి బ్యాటరీలు తీసేయండి, లోపలే ఉంటే మన వానాకాలానికి కారి స్ప్రింగు తుప్పు పట్టిస్తాయి. బొటనవేలి గోరు నల్లబడితే కంగారుపడొద్దు. అది ఊడి కొత్తది రావడానికి నెలలు పడుతుంది, ఆ బూట్లు మాత్రం మళ్లీ కొనకండి.